ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వెందుకు?

ఎల్.బి.నగర్‌లో మెట్రో రైలు ఎక్కారనుకోండి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి, అమీర్‌పేట - ఇలా లెక్కపెట్టుకుంటూ పోతే, ఎక్కిన స్టేషన్‌తో కలిపి ఇరవయ్యోది ఎర్రగడ్డ. మధ్యలో రైలు మారే పని కూడా లేదు. 2018 సెప్టెంబరులో ఈ దారి పూర్తయినప్పటినుంచీ, నగరానికి ఆ కొసన ఉన్న ఎర్రగడ్డ ఈ కొసన ఉన్నవాళ్లకు బాగా దగ్గరైపోయింది.

రైల్లో ఆ పేరు వినిపించగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. కుర్రాళ్ల గుంపులో ఒకడు పక్కవాడి వీపు తట్టి, "దిగురా, నీ స్టేషన్ వచ్చింది" అంటాడు. తక్కినవాళ్లు ఘొల్లుమంటారు. బడిలో ఎవరైనా తిక్క సమాధానం చెప్పినా, ఒంటరిగా కూచుని తనలో తాను గొణుక్కున్నా, "వీన్ని ఎర్రగడ్డల పడెయ్యాలెరా" అనే మాట సిద్ధంగా ఉంటుంది. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండటమే దీనికంతకీ కారణం. ఈ అలవాటు హైదరాబాదు వాళ్లకే ఉందనుకోకండి. మద్రాసు వాళ్లకు కీల్పాక్ ఉంది, ఉత్తరాది వాళ్లకు ఆగ్రా, రాంచీ ఉన్నాయి. పిచ్చాసుపత్రి ఎక్కడుంటే ఆ చోటి పేరు తిట్టయిపోతుంది.

తమాషా ఏమిటంటే, ఎర్రగడ్డకు ముందు స్టేషన్ పేరే ఈ.ఎస్.ఐ. హాస్పిటల్. అది విని ఎవరూ నవ్వరు. అదే ఎర్రగడ్డలో క్షయరోగులకు వైద్యం చేసే ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. "నిన్ను ఛాతీ ఆసుపత్రిలో పడేస్తా" అని ఎవరైనా ఎవరినైనా తిట్టగా మీరు విన్నారా? ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే జాలిపడతాం, మెదడుకు జబ్బు చేస్తే నవ్వుతాం. ఈ నవ్వు మానెయ్యాలని నేనంటాను. అలా ఎందుకంటున్నానో మీకు అర్థం కావాలంటే, ఆ ఆసుపత్రికి వచ్చే జబ్బుల్లో ఒకదాని గురించి కాస్త వివరంగా తెలుసుకోవాలి. దాని పేరు స్కిజోఫ్రీనియా.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూడు బోగీల మెట్రో రైలు కిక్కిరిసి ఉంటే అందులో వెయ్యిమంది దాకా పడతారు. ఆ లెక్కన ఒక్క రైల్లో ముగ్గురు. మీరు వాళ్లను గుర్తుపట్టలేరు. మందులు వాడుకుంటూ, ఆఫీసుకో దుకాణానికో పోతూ మీ పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడి ఉండవచ్చు. "దిగురా, నీ స్టేషన్ వచ్చింది" అన్న మాట వాళ్ల చెవిన కూడా పడుతుంది.

ఇంకొక సంగతి. ఈ జబ్బు చిన్నపిల్లలకు చాలా అరుదుగా వస్తుంది. ముసలితనంలో కొత్తగా మొదలవడం కూడా తక్కువే. ఎక్కువగా బయటపడేది పదిహేడు, పద్ధెనిమిదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల లోపల. మగపిల్లల్లో కొంచెం ముందుగా, ఆడపిల్లల్లో కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వీధులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కోచింగు సెంటర్లు, మెస్సులు, ఒకదాని పక్కన ఒకటిగా హాస్టళ్లు. నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ, ఇంకా దూరాల నుంచీ వచ్చి, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకునే వాళ్లు. వాళ్లందరి వయస్సూ అదే! దిల్‌సుఖ్‌నగర్ గాలిలో ఏదో ఉందని దీని అర్థం కాదు. జబ్బు ఏ వయస్సులో మొదలవుతుందో ఆ వయస్సు వాళ్లు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు, అంతే. వాళ్లు ఇంటికి దూరంగా ఉన్నారు. తేడాను కనిపెట్టవలసింది అమ్మ కాదు, గదిలో ఉండే స్నేహితుడు. మరి మూడు నాలుగేళ్లలో అలాంటి గదుల్లోకి వెళ్లబోయేది మీరే.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. స్కిజోఫ్రీనియా అంటే ఒక మనిషిలో ఇద్దరు మనుషులుండటం కాదు. 2005లో వచ్చిన "అపరిచితుడు" సినిమాలో పిరికివాడైన కథానాయకుడు ఉన్నట్టుండి వేరే మనిషిగా మారిపోతాడు. అక్కడ చూపించింది వేరే జబ్బు, అదీ సినిమావాళ్ల పద్ధతిలో. ఈ పొరపాటుకు పేరు కూడా కొంత కారణమే. 1908లో ఒయిగెన్ బ్లాయిలర్ అనే స్విస్ వైద్యుడు, చీలడం, మనస్సు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టాడు. ఆలోచన, భావం, నడత - మామూలుగా కలిసి సాగే ఈ మూడూ ఒకదాని పొత్తు నుంచి ఒకటి విడిపోతాయని ఆయన ఉద్దేశం. లోకం మాత్రం మనిషి రెండు ముక్కలవుతాడని అర్థం చేసుకుంది.

మరి జబ్బు వచ్చినవాళ్లకు ఏమవుతుంది? అన్నిటికన్నా వింతగా తోచేది, ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం. చీకట్లో తాడును చూసి పామనుకోవడం మీకు తెలుసు. అక్కడ కనీసం తాడైనా ఉంది. ఇక్కడ తాడే లేదు. గదిలో ఎవరూ లేరు, ఫోను మోగలేదు, అయినా ఎవరో తన పేరు పెట్టి పిలుస్తారు, తిడతారు, తను చేసే ప్రతి పనినీ క్రికెట్ వ్యాఖ్యానంలాగా వివరిస్తుంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. దాన్ని గ్రహించడానికి మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. మీ అరచేతిని మీరే మెల్లగా గీరుకోండి. చక్కిలిగింత పుట్టదు. అదే పని మీ తమ్ముడు చేస్తే? చెయ్యి వెనక్కు లాక్కుంటారు.

రాసిన వేలూ ఒకలాంటిదే, చర్మమూ అదే. తేడా ఎక్కడుంది? మెదడులో ఉంది. దుకాణంలో రసీదు రాసేటప్పుడు అడుగున కార్బను కాగితం పెట్టి నకలు తీస్తారు, చూశారా? మెదడు కూడా చేతికి "కదులు" అని ఆజ్ఞ పంపినప్పుడు దాని నకలొకటి తన దగ్గర అట్టేపెట్టుకుంటుంది. చర్మం నుంచి కబురు రాగానే నకలుతో సరిచూసి, "ఇది నేను చేసిందే" అని దాని తీవ్రత తగ్గించేస్తుంది. తమ్ముడి చేతికి సంబంధించిన నకలు మీ దగ్గర ఉండదు. అందుకే చక్కిలిగింత.

2000లో శారా జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్ మొదలైన లండను శాస్త్రజ్ఞులు ఈ ప్రయోగాన్నే రోగుల మీద చేశారు. గొంతులు వినిపించేవాళ్లకూ, తమను వేరెవరో ఆడిస్తున్నట్టు అనిపించేవాళ్లకూ, తమ చెయ్యి తాము రాసుకున్నా ఇతరులు రాసినట్టే ఉంది! సరిచూసే ఏర్పాటు వాళ్లలో సరిగా పనిచెయ్యడం లేదన్నమాట.

ఇప్పుడు గొంతుల సంగతికి వద్దాం. మనమందరం లోలోపల మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా మీ లోపల ఒక గొంతు దాన్ని పలుకుతూ ఉండవచ్చు. అది మీదేనని మీకు సందేహం రాదు, ఎందుచేతనంటే నకలు మీ దగ్గరుంది. ఆ నకలు పోతే? మీ ఆలోచనే మీకు పరాయి మనిషి మాటలాగా వినబడుతుంది. 1940లలో గూల్డ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక రోగి గొంతు దగ్గర మైకు పెట్టి విన్నాడు. ఆ మనిషికి తెలియకుండానే అతి సన్నగా గుసగుస వెలువడుతోంది. తనకు వినిపిస్తున్నాయని చెప్పే మాటలూ అవే. గొంతులన్నిటికీ ఇదొక్కటే కారణమని శాస్త్రజ్ఞులు అనరు. కాని రోగి "వినిపిస్తోంది" అంటే నిజంగానే వినిపిస్తోందని మాత్రం ఈ ప్రయోగాల వల్ల స్పష్టమైంది. "అదంతా నీ ఊహ, వదిలెయ్" అని కసిరితే ఏం లాభం? జ్వరం వచ్చినవాడితో "చలెయ్యడం లేదు, ఊరుకో" అన్నట్టుంటుంది.

రెండోది భ్రమలు. ఇవి అర్థం కావడానికి ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఇరవయ్యేళ్లవాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు, చైతన్యపురిలో కోచింగుకు పోతాడు. ఆ రోడ్డు మీద ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. బస్సు నెంబర్లు, హోర్డింగుల మీద ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల ఫోటోలు, దుకాణాల ముందు మైకులు, గుడిలో పాటలు, ఆటోవాళ్ల కేకలు. ఇన్నిటి మధ్యనుంచి మనం ఏమీ పట్టనట్టు నడిచిపోతాం. ఎందుకంటే మన మెదడు వాటిలో నూటికి తొంభైతొమ్మిదింటిని "నీకు సంబంధం లేదు" అని పక్కన పడేస్తుంది. దేన్ని పట్టించుకోవాలో దాని మీద గుర్తు వెయ్యడానికి వాడే రసాయనాల్లో ఒకటి డోపమిన్. ఈ జబ్బులో మెదడులోని కొన్ని భాగాల్లో డోపమిన్ అదుపు తప్పుతుంది. అప్పుడు గుర్తు పడకూడని వాటి మీద కూడా పడుతుంది.

ఇక మన కుర్రాడి సంగతి చూడండి. హోర్డింగు మీద ఫోటో తననే చూస్తున్నట్టుంటుంది. ఎదురుగా వస్తున్నవాడు దగ్గితే అది ఎవరికో సైగ. వరసగా రెండు బస్సులకు ఒకే నెంబరు ఉంటే అందులో ఏదో రహస్యం ఉంది. ఇవన్నీ ఒక్కసారిగా మీద పడితే ఎవరు మాత్రం ఊరుకోగలరు? దీనికంతకీ ఏదో కారణం ఉండాలి కదా అని మెదడు వెతుక్కుంటుంది. "నన్నెవరో వెంటాడుతున్నారు", "మెస్సులో నాకు విషం పెడుతున్నారు", "నా ఆలోచనలు ఫోనులోంచి బయటికి పోతున్నాయి". ఇలా ఒక కథ దొరకగానే అంతా అతికినట్టు సరిపోతుంది. అప్పట్లో కెనడాలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు శితిజ్ కపూర్ 2003లో భ్రమలను ఇలాగే వివరించాడు. ఈ వివరణ నాకు నచ్చడానికి కారణముంది. రోగి తర్కం తెలియనివాడు కాడనీ, తప్పుడు సమాచారం మీద మనలాగే తర్కం చేస్తున్నాడనీ ఇది చెబుతుంది. అందువల్లనే వాదించి భ్రమలను పోగొట్టలేం. మీరు గట్టిగా వాదిస్తే, మీరు కూడా ఆ కుట్రలో చేరారని అనుకుంటాడు.

గొంతులూ భ్రమలూ సినిమాల్లోకి ఎక్కుతాయి గాని, ఇళ్లలో ఎక్కువ దుఃఖం కలిగించేది మూడో రకం లక్షణాలు. మనిషి చల్లబడిపోతాడు. మొహంలో సంతోషం గాని ఏడుపు గాని కనబడదు. స్నానం చెయ్యడు, బట్టలు మార్చడు, పిలిస్తే పలకడు. ఇష్టపడి ఆడే క్యారమ్స్ బోర్డు మూలన పడి ఉంటుంది. దీనికి తోడు జ్ఞాపకశక్తీ, ధ్యాసా తగ్గి, నిన్నటిదాకా తొంభై మార్కులు తెచ్చుకున్నవాడు పాఠం ఒక పేజీ కూడా పూర్తి చెయ్యలేడు. చాలామందిలో గొంతుల కన్నా ముందే, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఈ మార్పు ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనమంటారు, పొగరంటారు, "పట్నం పోయి చెడిపోయిండు" అంటారు. నాన్న అరుస్తాడు, అమ్మ ఏడుస్తుంది. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమన్నట్టే ఇదీను. కాకపోతే కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది.

ఇది ఎందుకు వస్తుంది? ఏదో ఒక్క కారణం ఉంటే బాగుండేది. వంశపారంపర్యం కొంత ఉంది. కాని అదే సర్వం కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలలు, అంటే జన్యువులన్నీ ఒకటేగా ఉన్నవాళ్లలో ఒకరికి ఈ జబ్బు ఉంటే, రెండోవారికి వచ్చే అవకాశం సగం కన్నా తక్కువే. 2022లో సుమారు 77 వేల మంది రోగుల జన్యువులు పరీక్షించి, జబ్బుతో సంబంధమున్న చోట్లు 287 గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. గర్భంలోనూ, పుట్టేటప్పుడూ కలిగే ఇబ్బందులు, చిన్నతనంలో పడ్డ తీవ్రమైన బాధలు, ఇలాంటివి దానికి తోడవుతాయి. చిన్న వయస్సులో గంజాయి అలవాటు చేసుకుంటే ప్రమాదం ఎక్కువవుతుందని మాత్రం పరిశోధనలన్నీ చెబుతున్నాయి. హాస్టళ్ల చుట్టుపక్కల దాన్ని చాక్లెట్ల రూపంలో కూడా అమ్ముతూ పట్టుబడుతున్న రోజులివి, గుర్తుంచుకోండి.

ఎక్కువ చదవడం వల్ల రాదు. ప్రేమ విఫలమైతే రాదు. గాలి సోకి రాదు, చేతబడి వల్ల రాదు. తల్లి పెంపకం వల్ల కూడా రాదు. ఈ చివరి మాట ఎందుకు చెబుతున్నానంటే, అమెరికాలో పెద్ద పెద్ద వైద్యులే 1940ల నుంచి చాలాకాలం తల్లులను నిందించారు. ఆధారం లేకుండా! పల్లెలో భూతవైద్యుడు దయ్యాన్ని నిందిస్తే, అక్కడ కోటు తొడుక్కున్నవాళ్లు కన్నతల్లిని నిందించారు. ఈ రెంటిలో ఏది నయమో మీరే చెప్పండి.

వైద్యం కథలో మన దేశానికి కూడా ఒక పేజీ ఉంది. మన అడవుల్లో పెరిగే సర్పగంధ వేరును మతి తప్పినవాళ్లకు ఇవ్వడం పాతకాలం నుంచీ వాడుక. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాన్ని గురించి వైద్యపత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లండులో దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. కొన్నేళ్లపాటు దాన్ని వాడారు. కాని రక్తపోటు బాగా పడిపోవడం, దిగులు పట్టుకోవడం వంటి చిక్కులవల్ల ఈ జబ్బుకు వాడటం మానేశారు. (సర్పగంధ పేరు చెప్పాను కదా అని ఎవరికీ వేరు నూరి ఇవ్వకండి!) అదే 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అనే మందును రోగులకు ఇచ్చి చూశారు. నిజానికి అది శస్త్రచికిత్సకు ముందు రోగిని స్థిమితపరచడానికి పనికొస్తుందని వాడుతున్న మందు. ఏళ్ల తరబడి కేకలు పెడుతున్నవాళ్లు కొద్ది వారాల్లో నెమ్మదించి మాట్లాడసాగారు. ఈ మందులు డోపమిన్ పనిని అడ్డుకుంటాయని తరవాతి సంవత్సరాల్లో తెలిసింది.

ఈ మందుల్లో లోపాలు లేవని చెప్పను. పాతవాటితో చేతులు వణుకుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. కొత్తవాటిలో చాలావాటికి ఒళ్లొస్తుంది, చక్కెర జబ్బు రావచ్చు. అన్నిటికన్నా గట్టి మందు క్లోజపిన్. ఇతర మందులకు లొంగని జబ్బుకు దాన్నిస్తారు. కాని కొందరిలో అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది, కాబట్టి రక్తం పరీక్షలు చేస్తూ వాడాలి. ఇంకో ఇబ్బంది, ఇవి గొంతులనూ భ్రమలనూ తగ్గించినంతగా ఆ చల్లబడిపోవడాన్ని తగ్గించలేవు. దానికి మాట్లాడేవాళ్లు కావాలి, పని కావాలి, తిరిగి అలవాట్లు నేర్పడం కావాలి. వీటన్నిటితో ముగ్గురిలో కనీసం ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాన్ నాష్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దశాబ్దాలపాటు ఈ జబ్బుతో బాధపడి కోలుకున్నాడు. 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే.

కాని వైద్యం ఎంత తొందరగా మొదలైతే ఫలితం అంత బాగుంటుంది. మన దేశంలో జరుగుతున్నదేమిటి? 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వేలో, ఇలాంటి తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడువంతుల మందికి వైద్యం అందడం లేదని తేలింది. డాక్టర్లు చాలినంతమంది లేకపోవడం ఒక కారణం. డబ్బు లేకపోవడం మరొకటి. కాని ఎల్.బి.నగర్ వాళ్ల సంగతి చూడండి. ఒక్క రైలెక్కితే ప్రభుత్వ ఆసుపత్రి. అయినా ముందు తాయెత్తు కడతారు, తరవాత ఊరి నుంచి ఎవరినో పిలిపిస్తారు, తరవాత "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అంటారు. ఎర్రగడ్డకు పోదామని ఎవరైనా అంటే, "ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా? చెల్లెలి పెళ్లి కావద్దా?" అంటారు. ఆ భయం ఎక్కడ పుట్టింది? రైల్లో ఘొల్లుమన్న ఆ నవ్వులో పుట్టింది. నవ్వినవాళ్లకు అది అర నిమిషం సరదా. ఆ పేరుకు జడిసి ఒక కుటుంబం రెండేళ్లు ఆలస్యం చేస్తే, ఆ రెండేళ్లూ పిల్లవాడి మెదడు చెల్లించుకోవాలి.

గుడికో దర్గాకో పోవద్దని నేననను. మనస్సుకు ధైర్యం వస్తుందంటే పోనివ్వండి. డాక్టరుకు బదులుగా పోవడమే ప్రమాదం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. వాళ్ల కాళ్లకు గొలుసులున్నాయి. పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆ తరవాత చాలా ఏళ్లకు, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా పాతకాలంలో ఇలాంటి కళంకం మోసినదే. మొదట జాల్నాలో ఉండేది. అది అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని ఊరు, ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. 1953లో ఆసుపత్రిని ఎర్రగడ్డకు మార్చారు. అప్పట్లో లోపలికి పోయినవాళ్లు ఏళ్లకేళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు. ఇప్పుడలా కాదు. ఎక్కువమంది ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి పోతారు. దాని పేరు కూడా మానసిక ఆరోగ్య సంస్థ అని మార్చారు. పేరు మారిస్తే సరిపోతుందా అంటే, కొంత సరిపోతుంది. జపానులో 2002లో జబ్బు పేరునే మార్చారు. "చీలిన మనస్సు జబ్బు" అనే అర్థమున్న పాతమాట తీసేశారు. తరవాత తమ రోగులకు జబ్బు పేరు దాచకుండా చెప్పే వైద్యుల సంఖ్య పెరిగింది. కాని మన దగ్గర బోర్డు మీద పేరు మారినా తిట్టు మారలేదు. తిట్టు ఉన్నది బోర్డు మీద కాదు కదా!

"ఇది ఉట్టి జోకు, దీనికింత రాద్ధాంతమా?" అని మీలో కొందరు అనవచ్చు. ఒకప్పుడు కుష్ఠు పేరు కూడా తిట్టుగా వాడేవారు. ఆ భయంతోనే జనం మచ్చలు దాచుకున్నారు, వేళ్లు పోయాక బయటపడ్డారు. "వాళ్లు మీదపడి కొడతారు, భయం వెయ్యదా?" అని ఇంకొకరు అడగవచ్చు. ఈ జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. వాళ్లు ఇతరులను కొట్టడం కన్నా వాళ్లు దెబ్బలు తినడమే ఎక్కువ. వీధిలో చింపిరి జుట్టుతో తిరిగే మనిషి మీద రాళ్లు విసిరే పిల్లలను మీరూ చూసే ఉంటారు.

మన వైపు మంచి లేదని కూడా అనుకోకండి. అమెరికాకు చెందిన మానవ శాస్త్రజ్ఞురాలు తాన్యా లూర్మన్ మరికొందరితో కలిసి కాలిఫోర్నియాలో ఇరవైమందినీ, ఘనాలో ఇరవైమందినీ, మన పక్కనే చెన్నైలో ఇరవైమందినీ కలిసి, "మీకు వినిపించే గొంతులు ఏమంటాయి?" అని అడిగింది. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అమెరికావాళ్లు ఎక్కువగా క్రూరమైన, చంపమనీ నరకమనీ చెప్పే గొంతుల గురించి చెప్పారు. చెన్నైలో చాలామందికి వినిపించినవి బంధువుల గొంతులు. "స్నానం చెయ్యి", "వంట చెయ్యి", "బజారుకు పోయిరా" అని పెద్దవాళ్లలా గదమాయించేవి! తిట్టే గొంతులు వాళ్లకూ లేకపోలేదు. కాని జబ్బు ఒకటే అయినా, చుట్టూ ఉన్న మనుషుల మాటలు ఆ గొంతుల్లోకి కూడా చేరతాయన్నమాట. ఈ పరిశోధనకు తోడ్పడిన చెన్నైలోని స్కార్ఫ్ సంస్థను 1984లో స్థాపించింది డాక్టర్ శారదా మేనన్. మన దేశంలో తొలి మహిళా మానసిక వైద్యురాలుగా పేరుపొందింది ఈమే. మందులతో పాటు రోగులకు పని నేర్పాలని ఆమె పట్టుబట్టింది.

తెలుగువాళ్లు చాలామంది ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో ఇంకొక ప్రయత్నం జరిగింది. మామూలు ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే డాక్టర్లకు నిమ్‌హాన్స్ వాళ్లు శిక్షణ ఇచ్చి, జ్వరానికి మందిచ్చే చోటే ఈ జబ్బులకు కూడా మందిచ్చేలా చేశారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. నా ఉద్దేశంలో మన నగరంలో కూడా ఇదే సరైన దారి. దిల్‌సుఖ్‌నగర్ బస్తీ దవాఖానాలో ఈ మందులు దొరికితే, ఎర్రగడ్డ దాకా పోయే పనీ ఉండదు, ఎవరైనా చూస్తారన్న బెంగా ఉండదు. హాస్టళ్లు నడిపేవాళ్లకూ, కోచింగు సెంటర్ల వాళ్లకూ తొలి లక్షణాలు గుర్తుపట్టడం నేర్పితే మరీ మంచిది. ఫీజు వసూలు చేసుకోవడం ఒక్కటే వాళ్ల పని కాకూడదు.

అది జరిగేలోగా మీకు ఎదురుపడితే ఏం చెయ్యాలి? మీ అన్నయ్యో, స్నేహితుడో కొన్ని వారాలుగా నిద్రపోకుండా, అందరినీ అనుమానిస్తూ, చదువు వదిలేసి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటే ముందు నవ్వకండి. "నీకేం వినిపించడం లేదు" అనకండి, "అవును, నాకూ వినిపిస్తోంది" అని కూడా అనకండి. "నాకు వినిపించడం లేదు గాని నీకు చాలా భయంగా ఉందని తెలుస్తోంది" అనండి. అది నిజమే కాబట్టి అతను వింటాడు. భ్రమ గురించి చర్చ పెట్టకుండా, నిద్ర పట్టడం లేదు కదా, దానికోసం డాక్టరు దగ్గరికి పోదాం అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. చచ్చిపోవాలనే మాట వస్తే మాత్రం రహస్యం పాటించకండి, ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు పెద్దవాళ్లకు చెప్పండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ ఫోను నెంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకుండా కూడా సలహా అడగవచ్చు.

మందులు మొదలయ్యాక, "బాగయింది కదా" అని రెండు మూడు నెలల్లో ఆపేయడం అందరూ చేసే పనే. ఆపితే జబ్బు తిరగబెడుతుంది, చాలామందిలో ముందుకన్నా గట్టిగా. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి. నెలకొకసారి ఓపీకి తోడు వెళ్లేవాళ్లు ఒకరుంటే మందులు మానేవాళ్లు తగ్గుతారు. ఎల్.బి.నగర్ నుంచి అయితే పొద్దున్నే బయలుదేరండి, ఓపీ చీటీల కోసం వరస పెద్దదిగా ఉంటుంది.